సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) వచ్చింది 2011లో, ఎగరడం ఆగింది 2012లో. మళ్లీ మొదలుపెట్టొచ్చా?

నల్లగండ్ల_210

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

నాకు ముప్పై ఏడేళ్లు. 2011లో సీపీఎల్ వచ్చింది. మొత్తం 210 గంటలు. మల్టీ ఇంజిన్, ఐఆర్ (పరికరాల ఆధారంగా ఎగిరే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్) రెండూ అప్పుడే చేశాను. టైప్ రేటింగ్ (ఫలానా రకం విమానం నడిపే అర్హత) లేదు. మేం శిక్షణలో చేరేనాటికి ఎయిర్ డెక్కన్ రూపాయి టికెట్ల సందడి, ఎక్కడ విన్నా పైలట్లు కావాలన్న మాటే. మా చేతికి లైసెన్సులు వచ్చేసరికి ఆ ఊపు పోయింది. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయాక వేల గంటలున్న వాళ్లే ఉద్యోగాల కోసం తిరుగుతుంటే రెండొందల గంటల వాళ్లని పిలిచేదెవరు? నాన్న పొలం అమ్మి చదివించారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక టెస్టింగ్ నేర్చుకుని ఐటీలో చేరాను. ఉద్యోగం బాగానే ఉంది. పెళ్లయింది, పాప రెండో తరగతి.

ఇన్నేళ్లూ ఆ ఊసు ఎత్తలేదు. ఇండిగో 500, ఎయిర్ ఇండియా 470 విమానాలు ఆర్డర్ ఇచ్చాయని 2023లో చదివిన దగ్గర్నుంచి మాత్రం మనసు నిలవడం లేదు. మా ఆవిడతో చెప్పాను. "ప్రయత్నించు, కానీ ఏదో ఒకటి ఖాయమయ్యేదాకా ఉద్యోగం మానొద్దు" అంది. ఆ మాటకి కట్టుబడే ఉంటాను.

దాచుకున్నది ఇరవై లక్షల దాకా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు ఎగరాలా, మెడికల్ చేయించుకోవాలా, పరీక్షలు మళ్లీ రాయాలా? ఈ వయసులో 210 గంటల మనిషిని ఎవరైనా తీసుకుంటారా? తెలిసినవాళ్లు దాచకుండా చెప్పండి.

కెప్టెన్_తుంగభద్ర

తమ్ముడూ, ముందు మెడికల్. ఎగరడానికి రూపాయి కట్టే ముందు, పుస్తకం తెరిచే ముందు, క్లాస్ 1 మెడికల్ చేయించుకో. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఒంటికి ఏం చేసిందో నీకే తెలియదు. ఈసీజీ, రక్తపరీక్షలు, కంటిచూపు, చెవి వినికిడి, బరువు, బీపీ, షుగర్ అన్నీ చూస్తారు. మనవాళ్లలో ముప్పై ఐదు దాటాక బీపీ, షుగర్ ఎంత మామూలో చెప్పక్కర్లేదు. ఫ్లయింగ్‌కి ఐదు లక్షలు ఖర్చుపెట్టాక 'టెంపరరీ అన్‌ఫిట్' అని తేలితే, అది సరిచేసుకునేలోపు నువ్వు ఎగిరిన గంటలు పాతబడతాయి. లైసెన్సుకి దరఖాస్తు చేసేటప్పుడు ఈమధ్య ఎగిరిన గంటలే లెక్క.

ఇంకో మాట. మెడికల్‌లో ఏదీ దాచకు. ఎప్పుడైనా డిప్రెషన్‌కి మందులు వాడినా, ఆపరేషన్ అయినా రాయి. చికిత్స తీసుకుని బాగయ్యావని కాగితాలు చూపిస్తే చాలా వాటికి దారి ఉంటుంది. దాచి దొరికిపోతే ఉండదు. 2011 నాటి మెడికల్ ఫైల్ నంబరు వెతికి పెట్టుకో, అడుగుతారు.

ఇక లైసెన్సు సంగతి. 2011లో ఇచ్చిన సీపీఎల్‌కి గడువు ఐదేళ్లే. 2023 అక్టోబర్‌లో రూల్స్ మార్చి సీపీఎల్, ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ కెప్టెన్ల లైసెన్సు) గడువును పదేళ్లు చేశారు. అది విని చాలామంది నన్ను ఫోన్లు చేసి అడుగుతున్నారు, మా పాత లైసెన్సు కూడా బతికినట్టేనా అని. ఎప్పుడో 2016లో తీరిపోయిన గడువుకి ఆ మార్పుతో సంబంధం లేదు. నీకు రెన్యువల్ కావాలి, దానికి స్కిల్ టెస్టులు కావాలి. ఐఆర్ చెల్లేది ఏడాదే, కాబట్టి అదీ మళ్లీ చెయ్యాలి. ఇంగ్లిష్ ప్రొఫిషియెన్సీ లెవెల్ 4 అయితే మూడేళ్లు, లెవెల్ 5 అయితే ఆరేళ్లు. అదీ తీరిపోయి ఉంటుంది. ఎంత గ్యాప్‌కి ఏమేం కావాలన్నది డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనల్లో, అంటే సీఏఆర్ సెక్షన్ 7లో ఉంది. ఫ్లయింగ్ స్కూల్లో ఎవరో చెప్పారని కాదు, ఆ కాగితం నువ్వే కూర్చుని చదువు.

వయసు గురించి దిగులు వద్దు. ఎయిర్‌లైన్‌లో 65 దాకా ఎగరొచ్చు. నీకింకా ఇరవై ఎనిమిదేళ్లున్నాయి.

రన్‌వే_27

కెప్టెన్ గారంటే గౌరవం ఉంది. కానీ ఈ అన్న ఇరవై లక్షలు పెట్టబోతున్నాడు, రెండో వైపు కూడా వినాలి.

విమానాలు ఆర్డర్ ఇచ్చారంటే రేపు పొద్దున్నే ఫ్రెషర్లను పిలుస్తారని కాదు. ఎయిర్‌లైన్లకి కొరత ఉన్నది కెప్టెన్లకి. 200 గంటల వాళ్లకి కాదు. డీజీసీఏ 2023 ఒక్క ఏడాదిలోనే 1,600కు పైగా సీపీఎల్‌లు ఇచ్చింది. వాళ్లంతా ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు. పెళ్లి లేదు, ఈఎంఐ లేదు, ఏ ఊరు పొమ్మంటే ఆ ఊరు పోతారు. చాలామంది క్యాడెట్ ప్రోగ్రాముల్లో ముందే సీటు ఖాయం చేసుకుని వస్తున్నారు. నాతో చదివినవాళ్లలో రేటింగ్ చేసి కూడా ఇంట్లో ఉన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను రెండేళ్లు ఎదురుచూసి ఏ320 మీద ఎఫ్‌ఓగా (ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్) చేరాను. ఆ రెండేళ్లు ఇంట్లో ఎలా గడిచాయో నాకు తెలుసు. పాప ఉన్న ఇంట్లో ఆ రెండేళ్లు ఇంకా బరువుగా ఉంటాయి.

వద్దని చెప్పడం లేదన్నా. ఇరవై లక్షలు పోయినా ఇల్లు నడుస్తుందా అనేది ముందు తేల్చుకోండి.

నీలిమేఘం_వైజాగ్

రన్‌వే గారు చెప్పింది నిజమే. నేను చెప్పబోయేదీ నిజమే.

నేను ఏటీఆర్ (చిన్న టర్బోప్రాప్ విమానం) మీద ఫస్ట్ ఆఫీసర్‌గా ఉండి, ఇద్దరు పిల్లలు పుట్టాక ఏడేళ్లు ఇంట్లో ఉన్నాను. 2022లో తిరిగి చేరాను. నా పరిస్థితి నల్లగండ్ల గారి కంటే నయం, అప్పటికే టైప్ రేటింగ్, లైన్ గంటలు ఉన్నాయి. అయినా తిరిగి రావడం ఎలా ఉంటుందో చెప్పగలను. దీని గురించి ఎవరూ వివరంగా రాయరు.

చెయ్యి త్వరగా వస్తుంది. అది నన్నే ఆశ్చర్యపరిచింది. ముందు చిన్న విమానం మీద కొన్ని గంటలు ఎగిరాను, సెస్నా 172. మొదట్లో కంట్రోల్స్ మీద గట్టిగా పడిపోయాను, ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు ఎత్తడం) ఎక్కువ ఎత్తులో చేసేదాన్ని, టేకాఫ్‌లో కుడి రడ్డర్ ఆలస్యమయ్యేది. కొన్ని సర్క్యూట్లు (లేచి, రన్‌వే చుట్టూ తిరిగి దిగడం) తిరిగేసరికి ఫైనల్లో (దిగడానికి రన్‌వేకి ఎదురుగా వచ్చే చివరి భాగం) 65 నాట్లు దానంతట అదే నిలబడింది. చూపు ఎక్కడుండాలో కంటికి గుర్తొచ్చింది.

రానిది బుర్ర. డౌన్‌విండ్‌లో (సర్క్యూట్‌లో రన్‌వేకి సమాంతరంగా వెళ్లే భాగం) చెయ్యాల్సిన చెక్స్ బేస్ (దాని తర్వాతి భాగం) తిరిగాక గుర్తొచ్చేవి. టవర్ రెండు విషయాలు కలిపి చెబితే మొదటిది వింటూ రెండోది వదిలేసేదాన్ని. సిమ్యులేటర్లో ఒక ఫెయిల్యూర్ ఇస్తే దాని మెమరీ ఐటమ్స్ (చూడకుండా వెంటనే చెయ్యాల్సిన పనులు) వచ్చేవి గానీ, ఆ తర్వాత ఏం ఆలోచించాలి, ఎక్కడికి మళ్లించాలి, ఇంధనం ఎంత, ఎవరికి ఏం చెప్పాలి అనేది వరసగా వచ్చేది కాదు. తర్వాత తెలిసింది, ఇది నా ఒక్కదాని సంగతి కాదని. 2014లో నాసా పరిశోధకులు 747-400 పైలట్ల మీద చేసిన అధ్యయనం ఒకటి ప్రచురించారు. చేత్తో నడిపే నైపుణ్యం, ఇన్‌స్ట్రుమెంట్ స్కాన్ చాలావరకు నిలిచి ఉన్నాయి. విమానం ఎక్కడుందో మనసులో లెక్క పెట్టుకోవడం, తర్వాతి అడుగు ఊహించడం, ఏ సిస్టమ్ పాడైందో పోల్చుకోవడం, ఇవే దెబ్బతిన్నాయి.

అందుకే నా సలహా: డబ్బు ఖర్చయ్యే ఫ్లయింగ్ గంటల్లో ప్రొసీజర్లు నేర్చుకోవద్దు. ఇంట్లో కుర్చీలో కూర్చుని, కాక్‌పిట్ పోస్టర్ గోడకి అంటించి, పైకి చదువుతూ, చేతితో చూపిస్తూ, స్టార్టప్ నుంచి షట్‌డౌన్ దాకా రోజూ చెయ్యండి. మా అత్తగారు మొదట కంగారుపడ్డారు, తర్వాత ఆవిడే 'ఫ్లాప్స్' అని గుర్తుచేసేవారు. నాకు ఎక్కువ పనికొచ్చింది అదే.

ఇది చదువుతున్న ఆడపిల్లలకి ఒక మాట. మన దేశంలో పైలట్లలో ఆడవాళ్లు దాదాపు 15 శాతం, ప్రపంచ సగటు ఐదు శాతం దగ్గరే. తొలి భారతీయ మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ గారిని మొదట్లో ఎన్ని కంపెనీలు కాదన్నా, కో-పైలట్‌గా తీసుకున్నది మన హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేసే. పిల్లలు పుట్టారని ఈ పని అయిపోయిందనుకోవద్దు.

టవర్_గొంతు

ఏటీసీలో (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ఉన్నాను, ఎక్కడో చెప్పను. అటువైపు నుంచి రెండు మాటలు.

గ్యాప్ తర్వాత వచ్చినవాళ్లని మేం గొంతులోనే గుర్తుపడతాం. ఫోన్లో మాట్లాడినట్టు వాక్యాలు కలిపేస్తారు, లేదంటే రీడ్‌బ్యాక్‌లో (మేం చెప్పింది తిరిగి చెప్పేటప్పుడు) క్యూఎన్‌హెచ్ (ఆల్టిమీటర్‌లో పెట్టాల్సిన గాలి పీడనం) వదిలేస్తారు. దీనికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అర్థం కాకపోతే 'సే అగైన్' అనండి. పదిసార్లు అన్నా మాకు ఇబ్బంది లేదు. అర్థం కాకుండా 'రోజర్' అంటేనే మాకు టెన్షన్.

2011 తర్వాత మారినవి చాలా ఉన్నాయి. అప్పట్లో మీరు ఎన్‌డీబీ, ఏడీఎఫ్ (నేల మీది రేడియో బీకన్లతో దారి చూసుకునే పద్ధతి) మీద గంటలు గడిపి ఉంటారు. ఇప్పుడు పెద్ద ఎయిర్‌పోర్టుల్లో రాకపోకలు ఆర్‌న్యావ్ సిడ్‌లు, స్టార్‌ల (బయల్దేరడానికి, దిగడానికి ముందే గీసిన మార్గాలు) మీదే. ఆర్‌ఎన్‌పీ అప్రోచ్‌లు (ఉపగ్రహాల సాయంతో దిగే పద్ధతులు) చిన్న ఎయిర్‌పోర్టులకీ వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ ఒకటి మన గగన్ ఉపగ్రహ వ్యవస్థ సాయంతో దిగింది. పాత నోట్స్ తీసి దుమ్ము దులిపి అవే చదివితే ఇంటర్వ్యూలో దొరికిపోతారు. ఏఐపీ ఇండియా (ఎయిర్‌పోర్టుల చార్టులు, వివరాల అధికారిక సంపుటి) ఇంటర్నెట్లో ఉచితంగానే ఉంది. శంషాబాద్ చార్టులు తీసి, ఒక్కో స్టార్ వేలితో గీస్తూ చదవండి.

నల్లగండ్ల_210

ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. మెడికల్‌కి అపాయింట్‌మెంట్ కోసం ఈరోజే చూస్తున్నాను.

ఒక చిక్కు ఉంది. నేను శిక్షణ తీసుకున్న స్కూల్ ఇప్పుడు లేదు. లాగ్‌బుక్ నా దగ్గరే ఉంది, సంతకాలు, స్టాంపులు ఉన్నాయి. రేపు ఎవరైనా ఆ గంటలు నిజమేనా అని అడిగితే?

పాత_లాగ్‌బుక్

ఇది చాలామందికి ఉన్న బాధ, అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను.

2011లో నకిలీ మార్కుల కాగితాలతో లైసెన్సులు తీసుకున్నవాళ్లు పట్టుబడ్డారు, గుర్తుందా? అప్పటినుంచి ఆ కాలం నాటి లైసెన్సులంటే అందరికీ ఒక అనుమానపు చూపు. నిజాయతీగా ఎగిరినవాళ్లకి కూడా అది తగిలింది. ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న ఆయన నా లాగ్‌బుక్ తిప్పుతూ, ఒకే రోజు ఒకే విమానం మీద ఇద్దరు స్టూడెంట్ల టైమింగ్స్ ఎలా సరిపోయాయి అని అడిగారు. అదృష్టం కొద్దీ నా దగ్గర ఆనాటి ఆథరైజేషన్ స్లిప్పుల జిరాక్స్ ఉంది.

మీరు చెయ్యాల్సింది ఇది. మీ లైసెన్సు ఇచ్చినప్పుడు డీజీసీఏ ఆ గంటల్ని ఒకసారి చూసే ఇచ్చింది, మొదటి ఆధారం అదే. ఆనాటి దరఖాస్తు కాపీ, ఫీజు రసీదులు, స్కిల్ టెస్ట్ రిపోర్టులు, మీ ఇన్‌స్ట్రక్టర్ ఇప్పుడు ఎక్కడున్నా సరే ఆయన దగ్గర నుంచి ఒక లెటర్, బ్యాంకులో స్కూల్‌కి డబ్బు వెళ్లిన స్టేట్‌మెంట్, ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టండి. లాగ్‌బుక్‌లో ప్రతి పేజీ స్కాన్ చేయించండి. కూడికలు మళ్లీ వేసి చూడండి. చాలా లాగ్‌బుక్‌లలో పేజీ చివర మొత్తాలు తప్పుగా ఉంటాయి, ఆనాటి కంగారులో ఎవరూ చూడరు. తప్పుంటే కొట్టేసి పైన రాయకండి, వివరణతో సరిచేయించండి. ఇప్పుడు ఈజీసీఏలో (డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్) ఎలక్ట్రానిక్ లాగ్‌బుక్ ఉంది కాబట్టి కొత్త గంటలకి ఈ బాధ లేదు.

మామ్నూరు_స్టూడెంట్

అన్నా, నేను ఇప్పుడు సీపీఎల్ చేస్తున్నా. పరీక్షల గురించి ఒక అప్‌డేట్. మీ కాలంలో ఆర్‌టీఆర్ (రేడియోలో మాట్లాడే అర్హత పరీక్ష) టెలికాం శాఖ పెట్టేది కదా, కొత్త భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1న అమల్లోకి వచ్చాక అది డీజీసీఏ చేతికి వచ్చింది. మెట్ (వాతావరణం), నావ్ (నావిగేషన్), రెగ్స్ (రెగ్యులేషన్స్) పేపర్లలో పాస్ మార్కు 70 శాతం, అది మారలేదు. రెగ్యులేషన్స్ మాత్రం మళ్లీ మొదటినుంచి చదవండి, కొత్త చట్టం వచ్చింది కాబట్టి పాత పుస్తకాలు సరిపోవు. నా నోట్స్ కావాలంటే పంపిస్తా.

డెంటన్‌లో_తెలుగువాడు

టెక్సస్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఐటీలో ఉంటూ పాత ఫ్లయింగ్‌కి తిరిగొచ్చిన మనవాళ్లు కొందరు ఉన్నారు. ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడి పద్ధతి చెబుతాను.

ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) కమర్షియల్ సర్టిఫికెట్‌కి గడువు తేదీ ఉండదు. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చినా మీరు పైలటే. ఎగరాలంటే మాత్రం 24 నెలల్లోపు ఒక ఫ్లైట్ రివ్యూ అయి ఉండాలి: కనీసం గంట గ్రౌండ్, గంట ఫ్లయింగ్, ఇన్‌స్ట్రక్టర్ తృప్తిపడేదాకా. ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు. ఇన్‌స్ట్రుమెంట్‌కి ఆరు నెలల్లో ఆరు అప్రోచ్‌లు, హోల్డింగ్ (ఒకే చోట చుట్టూ తిరుగుతూ ఆగడం) ఉండాలి. అది తప్పి మరో ఆరు నెలలు కూడా దాటితే ప్రొఫిషియెన్సీ చెక్. విరామం తర్వాత వచ్చేవాళ్ల కోసమే ఏఓపీఏ అనే పైలట్ల సంస్థ 'రస్టీ పైలట్స్' పేరుతో సెమినార్లు పెడుతుంది. ఇక్కడ అది అంత మామూలు విషయం.

ఉద్యోగం వేరే సంగతి. 2009లో బఫెలో దగ్గర కోల్గన్ విమానం కూలాక, 2013 నుంచి ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌కి కూడా ఏటీపీ (ఎయిర్‌లైన్ పైలట్ సర్టిఫికెట్) ఉండాలన్నారు, అంటే మామూలుగా 1,500 గంటలు. అందుకే ఇక్కడ అందరూ ముందు ఇన్‌స్ట్రక్టర్లుగా చేస్తారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు మీ కంపెనీ పని తప్ప జీతానికి ఇంకో పని చెయ్యకూడదు, ఫ్లయింగ్ నేర్పి డబ్బు తీసుకోవడం కూడా అందులోకే వస్తుంది. గ్రీన్ కార్డు వచ్చేదాకా సొంత ఖర్చుతో గంటలు నిలబెట్టుకోవడమే దారి. శని, ఆదివారాలు ఎగిరేవాళ్లు చాలామంది అదే చేస్తున్నారు.

రన్‌వే_27

ఇన్‌స్ట్రక్టర్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. నల్లగండ్ల అన్నా, మీరు నేరుగా ఏ320 రేటింగ్‌కి వెళ్దామనుకుంటున్నారా? బయట ఏజెంట్లు 'రేటింగ్ చేస్తే సీటు ఖాయం' అని తిరుగుతున్నారు.

నల్లగండ్ల_210

నిజం చెప్పాలంటే అదే ఆలోచన. రేటింగ్ చేతిలో ఉంటే ఎయిర్‌లైన్ త్వరగా పిలుస్తుందని ఒకరు చెప్పారు. ఉన్నదానికి కొంత అప్పు కలిపితే సరిపోతుంది.

కెప్టెన్_తుంగభద్ర

వద్దు. చేతిలో ఆఫర్ లెటర్ లేకుండా టైప్ రేటింగ్‌కి అప్పు చెయ్యకు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎవరికి కోపం వచ్చినా సరే.

రేటింగ్ అంటే సిమ్యులేటర్ సెషన్లు మాత్రమే కాదు. తర్వాత నిజమైన విమానం మీద టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు చెయ్యాలి, ఆ తర్వాత లైన్ ట్రైనింగ్. ఎయిర్‌లైన్ లేకుండా అవి ఎక్కడ చేస్తావు? పైగా రేటింగ్ కూడా నీ పాత ఐఆర్ లాగే పాతబడుతుంది. ఎయిర్‌లైన్ పైలట్లం మేమే ఆరు నెలలకోసారి సిమ్యులేటర్లో ప్రొఫిషియెన్సీ చెక్ ఇస్తాం. ఉద్యోగం రాకుండా ఏడాది గడిస్తే దాన్ని నిలబెట్టుకోవడానికి మళ్లీ మళ్లీ డబ్బు కట్టాలి. 2012, 13 ప్రాంతంలో మా దగ్గరికి వచ్చిన కుర్రాళ్లు చాలామంది ఇలాగే మునిగారు. పొలం ఒకసారి అమ్మారు మీ నాన్నగారు. ఇంకోసారి ఆ ఇంటి మీద బరువు పెట్టొద్దు.

2020లో కరోనా సమయంలో మార్చి 25 నుంచి మే 25 దాకా దేశం లోపల తిరిగే ప్రయాణికుల విమానాలు ఆగాయి. వేల గంటలున్న కెప్టెన్లకి కూడా సిమ్యులేటర్లో కూర్చోబెట్టి మళ్లీ చేయించారు. ఆ ఏడాది స్థిరంగా లేని అప్రోచ్‌లు పెరిగాయని ఎయిర్‌లైన్ల సంఘం ఐఏటీఏ కూడా చెప్పింది. కొన్ని నెలలకే అలా అయినప్పుడు, నీ గ్యాప్‌కి వెంటనే జెట్ ఎక్కే ఆలోచన సరికాదు.

నీలిమేఘం_వైజాగ్

కెప్టెన్ గారూ, ఆ చివరి మాట ఒక్కటి ఒప్పుకోను. గ్యాప్ ఉన్నవాళ్లు జెట్‌కి పనికిరారని కాదు కదా. ఎయిర్‌లైన్ ట్రైనింగ్ మొదటినుంచి చివరిదాకా పద్ధతిగా ఉంటుంది, అందులో పడితే గ్యాప్ పూడుతుంది. మాతో పాటు నేర్చుకున్నవాళ్లలో ముప్పై ఎనిమిదేళ్ల ఆయన ఒకరు ఉండేవారు, బ్యాంకు ఉద్యోగం నుంచి వచ్చారు. గ్రౌండ్ క్లాసుల్లో పిల్లలందరి కంటే ముందుండేవారు. సొంత డబ్బుతో, భరోసా లేకుండా వెళ్లొద్దన్న మాట మాత్రం అక్షరాలా నిజం.

కెప్టెన్_తుంగభద్ర

మీరన్నది సరే అమ్మా. 'సొంతంగా' అన్న మాట చేర్చి చదువుకోండి. ఎయిర్‌లైన్ తీసుకుని నేర్పితే గ్యాప్ అడ్డంకి కాదు.

స్పానర్_ఏఎంఈ

నేను మెయింటెనెన్స్ వాడిని. ఇన్‌స్ట్రక్టర్ దారి గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు, మా స్కూల్లో చూస్తున్నది చెబుతాను.

ఫ్లయింగ్ స్కూళ్లలో ఇప్పుడు విమానాలు ఉన్నాయి, స్టూడెంట్లు ఉన్నారు, ఇన్‌స్ట్రక్టర్లు లేరు. స్టూడెంట్లు వారాల తరబడి తమ వంతు కోసం కూర్చుంటున్నారు. సీపీఎల్ రెన్యూ అయి, ఏఎఫ్‌ఐ (అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్) రేటింగ్ చేసుకుంటే పని దొరకడం కష్టం కాదు. దానికి ప్యాటర్ ఫ్లయింగ్ చెయ్యాలి, అంటే కుడి సీట్లో కూర్చుని నడుపుతూ వివరించడం. తర్వాత పరీక్ష. జీతం ఐటీ జీతంతో పోలిక ఉండదు, అది ముందే తెలుసుకోండి. కానీ రోజూ ఎగురుతారు, గంటలు పెరుగుతాయి, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. ఊళ్లు మాత్రం దూరం. గోండియా, బారామతి, ధూలే, ఖర్గోన్, ఇలాంటి చోట్ల ఉండాలి.

మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం నలభై రెండు డిగ్రీల్లో 172 ఎంత నెమ్మదిగా పైకి లేస్తుందో మర్చిపోయి ఉంటారు. డెన్సిటీ ఆల్టిట్యూడ్ (వేడికి గాలి పలచబడి విమానం పనితీరు తగ్గడం) చాప్టర్ మళ్లీ చదవండి. ఇద్దరు మనుషులు, నిండు ట్యాంకులు అంటే వెయిట్ అండ్ బ్యాలెన్స్ కాగితం మీద వెయ్యాల్సిందే.

తిరిగిరాని_రెక్క

నేను వెనక్కి వెళ్లలేదు. ఆ కథ కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను.

నాదీ 2010 లైసెన్సే. మూడేళ్ల క్రితం మెడికల్ పాసయ్యాను, కొన్ని గంటలు ఎగిరాను, చెయ్యి కూడా వచ్చింది. అప్పుడే అమ్మకి డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు ఆసుపత్రి. ఏ ఎయిర్‌లైన్ అయినా ఏ ఊరు బేస్ ఇస్తుందో చేతిలో ఉండదు, అన్నదమ్ములు లేరు. కూర్చుని ఆలోచించి ఆపేశాను. ఇప్పుడు డిస్పాచ్‌లో ఉన్నాను. ఫ్లైట్ ప్లాన్, ఇంధనం, వాతావరణం, ఆల్టర్నేట్ (అనుకున్న చోట దిగలేకపోతే వెళ్లే ఎయిర్‌పోర్టు), అన్నీ పైలట్ కంటే ముందు నేనే చూస్తాను. రాత్రి వర్షంలో ఒక విమానాన్ని ఎటు మళ్లించాలో కెప్టెన్‌తో కలిసి తేల్చినప్పుడు, నేర్చుకున్నది వృథా కాలేదనిపిస్తుంది. ఇష్టంగానే చేస్తున్నాను, రాజీపడి కాదు.

నల్లగండ్ల గారూ, మీ ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం, పాప చదువు, ఆవిడ ఉద్యోగం, ఇవి మెడికల్ రిపోర్టు అంత ముఖ్యం. ఆవిడతో డబ్బు గురించి మాట్లాడారు. ఊరు మారడం గురించి మాట్లాడారా?

నల్లగండ్ల_210

లేదండీ, మాట్లాడలేదు. ఈ ఆదివారం మాట్లాడతాను.

నల్లగండ్ల_210 (కొన్ని నెలల తర్వాత)

చాలామంది మెసేజ్‌లు పెట్టి అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

మెడికల్‌లో బీపీ ఎక్కువ చూపించింది. 24 గంటల మానిటర్ పెట్టమన్నారు, బరువు తగ్గమన్నారు, టెంపరరీ అన్‌ఫిట్ ఇచ్చారు. ఆ రోజు మనసు బాగా దెబ్బతింది. కెప్టెన్ గారు చెప్పినట్టు ఫ్లయింగ్ మీద రూపాయి పెట్టలేదు కాబట్టి నష్టం లేదు. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె, పొద్దున నడక, ఉప్పు బాగా తగ్గించడం. మళ్లీ వెళ్తే ఫిట్ ఇచ్చారు.

లాగ్‌బుక్‌లో రెండు చోట్ల కూడికలు తప్పున్నాయి, 'పాత_లాగ్‌బుక్' గారు చెప్పినట్టే. అప్పటి మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ గారిని వెతికి పట్టుకున్నాను. ఆయనకి డెబ్బై దాటాయి, నన్ను పేరుతో గుర్తుపట్టారు. లెటర్ రాసిచ్చారు.

సెలవు పెట్టి ఫ్లయింగ్ మొదలుపెట్టాను. విమానంలో జీ1000 (అన్నీ చూపించే డిజిటల్ స్క్రీన్లు) ఉంది, మా కాలంలో అన్నీ గుండ్రటి గేజులే. మొదటి రోజు కళ్లు స్క్రీన్‌కే అతుక్కుపోయాయి, ఇన్‌స్ట్రక్టర్ దాన్ని కాగితంతో కప్పేసి బయటకి చూడమన్నారు. నీలిమేఘం గారు చెప్పింది అక్షరాలా జరిగింది. చెయ్యి వచ్చింది, చెక్స్ వెనకబడ్డాయి. ఇంట్లో పోస్టర్ అంటించాను. మా పాప చెక్‌లిస్ట్ చదువుతుంది, నేను జవాబు చెబుతాను.

ఊరు మారడం గురించి మా ఆవిడతో మాట్లాడాను. రెండేళ్లు నేనొక్కడినే వెళ్లి ఉండొచ్చంది, ఆ తర్వాత పరిస్థితి చూసి తేల్చుకుందామంది. అందుకని రేటింగ్ ఆలోచన వదిలి ఇన్‌స్ట్రక్టర్ దారి పట్టాలనుకుంటున్నాను. స్కిల్ టెస్టుల్లో పగటివి అయ్యాయి. రాత్రి జనరల్ ఫ్లయింగ్, రాత్రి క్రాస్ కంట్రీ, ఐఆర్ మిగిలాయి. రాత్రి ఫ్లయింగ్ గురించే నాకు బెరుకుగా ఉంది. ఎవరైనా సలహా ఇస్తారా?

నీలిమేఘం_వైజాగ్

చాలా సంతోషంగా ఉందండీ! రాత్రికి ముందు సాయంత్రం సూర్యాస్తమయం దాటేలా ఒక గంట స్లాట్ తీసుకోండి, వెలుగు తగ్గుతుండగా సర్క్యూట్లు తిరిగితే కంటికి అలవాటవుతుంది. ల్యాండింగ్‌లో రన్‌వే లైట్ల వైపే చూడకుండా దూరపు చివరకి చూడండి, లేకపోతే ఫ్లేర్ ఎత్తులో చేస్తారు. ఎక్కడానికి అరగంట ముందు నుంచి ఫోన్ చూడకండి. తలకి పెట్టుకునే ఎర్ర లైటు ఒకటి కొనుక్కోండి, చేతిలో టార్చి ఉంటే చార్ట్ పట్టుకోలేరు.

టవర్_గొంతు

రాత్రి క్రాస్ కంట్రీకి నోటామ్‌లు (పైలట్లకి ఇచ్చే తాజా హెచ్చరికలు) ఆ సాయంత్రమే మళ్లీ చూడండి. రన్‌వే లైట్లు మెయింటెనెన్స్‌లో ఉన్నాయని మధ్యాహ్నం తర్వాత పడే నోటామ్‌లు ఉంటాయి. ఆల్టర్నేట్ వాచ్ అవర్స్ (పనివేళలు) కూడా చూసుకోండి, చిన్న ఫీల్డ్‌లు రాత్రి మూసేస్తారు.

కెప్టెన్_తుంగభద్ర

ఐఆర్ టెస్ట్ కోసం మల్టీ ఇంజిన్ స్లాట్ ఇప్పుడే బుక్ చెయ్యి. ట్విన్ విమానాలు తక్కువ, క్యూ పెద్దది. అది ఆలస్యమైతే పగలు చేసిన టెస్టుల గడువు దాటిపోతుంది. ఏ స్కూల్లో దొరుకుతుందో తెలియకపోతే నాకు మెసేజ్ పెట్టు, ఇద్దరు ముగ్గురిని అడిగి చెబుతాను.